ఠ లో చుక్క

మా నాన్న బోర్డులు రాసేవాడు. పెయింటరు అంటే ఆయనకి ఒళ్ళు మండేది. "గోడకి రంగు పూసేవాడు పెయింటరు. నేను రాస్తాను" అనేవాడు. ఈ తేడాలన్నీ గుర్తుపెట్టుకునే ఓపిక లేక ఊళ్ళోవాళ్ళు ఆయన్ని ఏకంగా 'బోర్డు' అనే పిలిచేవాళ్ళు. "బోర్డు ఉన్నాడా ఇంట్లో?" అని వీధిలోంచి ఎవరైనా కేకేస్తే, "ఉన్నారు, ఇంకా ఆరలేదు" అని మా అమ్మ లోపల్నుంచి సమాధానం చెప్పేది. నన్ను అందరూ చుక్క అనేవాళ్ళు. పుట్టినప్పుడు అంత చిన్నగా ఉన్నానట.

నేను చెప్పబోయేది ఆరో తరగతి చదివిన ఏటి వానాకాలం సంగతి. ఆ వానాకాలం మొదలైనప్పుడు నేను మొద్దుని. ఇది నా మాట కాదు, మా క్లాసు టీచరు మాట. వానలు వెనకబట్టేసరికి ఆ మాట అనడం అందరూ మానేశారు. మధ్యలో జరిగిందంతా ఒక రేకు ముక్క నిర్వాకం.

బడి తెరిచిన నెలకే టీచరు నాన్నని పిలిపించింది. నా నోట్సు తీసి ఆయన ముందు పరిచింది.

"చూడండి. నేను నల్లబల్ల మీద 'ధనం' అని రాస్తే మీ అమ్మాయి 'వనం' అని రాసుకుంది. అడవుల పాఠం అనుకుందేమో! లెక్కల్లో నేను ఎనిమిది వేస్తే ఈవిడ మూడు వేసుకుంటుంది. చిత్రమేంటంటే, ఆ మూడుతో చేసిన లెక్క మాత్రం సరిగ్గానే చేస్తుంది. పరధ్యానం అనుకోవాలో మొద్దుతనం అనుకోవాలో నాకు అర్థం కావడం లేదు."

అక్షరాలే అన్నంగా బతికే మనిషి ముందు కూతురి అక్షరాలు తప్పని చెబితే ఎలా ఉంటుంది? నాన్న మొహం చిన్నబోయింది.

"కాస్త ముందు బెంచీలో కూర్చోబెడితే..." అన్నాడు నెమ్మదిగా.

"ముందు బెంచీలు మార్కులు వచ్చే పిల్లలవండీ. అర్ధ సంవత్సర పరీక్ష దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మళ్ళీ అయిదో తరగతిలో కూర్చోవాల్సిందే."

అయిదో తరగతిలో మా పక్కింటి పిల్ల ఉంది. దానికి అప్పటికి ముందు పళ్ళు కూడా పూర్తిగా రాలేదు. నేను దాని పక్కన కూర్చోవాలట!

"కళ్ళు కళ్ళల్లా ఉంటే కదా బల్ల కనపడ్డానికి" అంది అమ్మ ఇంటికొచ్చాక. "నెత్తికెక్కాయి దీని కళ్ళు."

"నిజంగా కళ్ళేమైనా..." అని నాన్న నసిగాడు.

"అదీ చూద్దాంలెండి. బడిలో పిల్లలందరి కళ్ళూ చూడ్డానికి డాక్టరమ్మ వస్తోందటగా. ఏదో ఒకటి తేలిపోతుంది."

అలా నా బతుకంతా డాక్టరమ్మ చేతిలో పడింది.

*

వారం తిరక్కుండానే డాక్టరమ్మ మా ఇంటికే వచ్చింది. జల్లు పడుతోంది. చంకలో చుట్టిన కాగితం, చేతిలో గొడుగు. ఆవిడ పుట్టి పెరిగింది వేరే భాష ఊళ్ళో. మన భాష వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట. చక్కగా మాట్లాడేది కానీ చదవడం, రాయడం రావు. ఎవరిని నువ్వు అనాలో ఎవరిని మీరు అనాలో తెలియక అందరినీ మీరు అనేది. "మీరు ఎన్నో తరగతి అండీ?" అని నన్ను అడిగితే నేను వెనక్కి తిరిగి ఎవరున్నారా అని చూశాను.

ఆవిడ పని ఇది. పల్లెటూరి బడిలో నూరు మంది పిల్లలు, మా టౌను బడిలో నూరు మంది. ఎక్కడ ఎక్కువ మందికి దూరం సరిగ్గా ఆనదో లెక్క తీయాలి. పల్లెటూళ్ళో అయిపోయింది, నూటికి తొమ్మిది మంది తేలారు. అక్కడ వాడిన అక్షరాల కాగితమే ఆవిడ చంకలో ఉన్నది. వానకి తడిసి అంచులు ఊడుతోంది. దాన్ని చూసి రేకు మీద గట్టిగా ఒకటి రాసిపెట్టమని అడిగింది.

"దూరం కనిపించకపోతే దాన్ని మీరు ఏమంటారు?" అని అమ్మని అడిగింది.

"సైటు అంటామండీ. పక్కింటాయనకి సైటు వచ్చింది, అద్దాలు పెట్టుకున్నాడు అంటాం."

"సైటు అంటే ఇల్లు కట్టే స్థలం కదా?"

"అదీ సైటేనండీ. అదైతే మా ఇంట్లో ఎవరికీ లేదు, ఇదైనా ఉందేమో చూడండి" అంది అమ్మ. డాక్టరమ్మకి అది అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక గొడుగు కింద పెట్టి నవ్వింది.

"టౌను పిల్లలకే ఎక్కువ ఉంటుందని నా అనుమానం" అంది తర్వాత. "ఎండలో ఆడరు, పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుతారు. అనుమానమే సుమండీ. తెలియాలి. అందుకే చూస్తున్నాను." ఆ 'తెలియాలి' అనే మాట అనేటప్పుడు ఆవిడ కళ్ళు మెరిసేవి. ఒక పెద్ద మనిషి తనకి తెలియదని అంత సంతోషంగా చెప్పడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

నాన్న రెండు రోజులు ఆ రేకు మీదే కూర్చున్నాడు. వానాకాలం ఎలాగూ పెద్ద పనులుండవు. తెల్లరంగు రెండు పూతలు వేసి, ఆరాక గీతలు గీసి, స్కేలు పెట్టి ఒక్కో అక్షరం పొడవూ వెడల్పూ కొలిచాడు. నేను పక్కన కూర్చుని కుంచెలు అందించాను. ఆయన పనికి ఒక పద్ధతుంది. అక్షరాలన్నీ పెద్ద కుంచెతో ముగించి, ఆరనిచ్చి, ఠ కడుపులోనూ థ కడుపులోనూ ఉండే చుక్కలు చివర్లో సన్న కుంచెతో పెట్టేవాడు. తడి మీద పెడితే అలుక్కుపోతాయి. ఆ సన్న కుంచె అందించడం నా ఉద్యోగం. అయితే ఈ రేకు మీద ఠ, థ లు లేవు కాబట్టి నాకు పెద్ద పని పడలేదు.

అయ్యాక, ఎప్పట్లాగే బోర్డుని గోడకి ఆనించి, వీధి అవతలికి వెళ్ళి నిలబడి, నన్నూ పక్కన నిలబెట్టుకున్నాడు.

"ఎలా ఉంది చుక్కా?"

"అదిరింది నాన్నా."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇద్దరికీ ఇదే ప్రశ్న, ఇదే సమాధానం.

*

పరీక్ష రోజున రేకుని బడి వసారా చివర వేలాడదీశారు. పక్కన టీచరు బెత్తంతో నిలబడింది. ఇటు చివర డాక్టరమ్మ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంది. టీచరు బెత్తం పెట్టిన అక్షరాన్ని పిల్లలు చదవాలి. టీచరు 'ఒప్పు' అనో 'తప్పు' అనో అరిస్తే డాక్టరమ్మ రాసుకుంటుంది. చదవడం రాదు కాబట్టి ఆవిడ చెవులన్నీ టీచరు గొంతు మీదే ఉన్నాయి.

మేమంతా వసారా బయట వరసలో ఉన్నాం. చదివి వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వస్తున్నారు.

"చివర్లో తలగడ ఉందే!" అని ఒకమ్మాయి నా చెవిలో చెప్పిపోయింది.

నా వంతు వచ్చింది. ఒక కన్ను మూసి అట్ట అడ్డం పెట్టారు. పైన పెద్ద 'అ' ఉంది, అది బాగానే కనిపించింది. దాని కింద రెండక్షరాలు. కాస్త కళ్ళు చికిలించి, "వ... ల" అన్నాను. ఒప్పు. దాని కింద మూడు. మూడూ నల్లటి ముద్దలే. కానీ వల అయ్యాక పడవ కాక ఇంకేముంటుంది? "ప, డ, వ" అన్నాను. ఒప్పు. తర్వాతది గడప అని వరసలో నిలబడ్డవాళ్ళందరికీ అప్పటికే తెలుసు. ఆఖరి వరస చీమలు బారు కట్టినట్టుంది. "త, ల, గ, డ" అన్నాను గుక్క తిప్పుకోకుండా. తలగడ అని తెలిశాక నాకు నిజంగానే తలగడ కనిపించింది.

"ఒప్పు!" అంది టీచరు. ఆ గొంతులో కాస్త నిరాశ ఉందని నాకు అనిపించింది.

దొంగతనం చేస్తున్నానని నాకు తెలియదు. చదవడమంటే అదే అనుకున్నాను. మసగ్గా ఏదో ఉంటుంది, అదేమై ఉంటుందో మనసులో పట్టుకోవాలి. మిగతా పిల్లలు నాకన్నా తొందరగా పట్టుకుంటారు, అందుకే వాళ్ళు తెలివైనవాళ్ళు. పదకొండేళ్ళు నేను లోకాన్ని అలాగే అర్థం చేసుకున్నాను.

నూరు మందిలో ఇద్దరికే సైటు ఉందని తేలింది. డాక్టరమ్మ కాగితాలు మూడుసార్లు ఎంచింది. పల్లెలో తొమ్మిది, టౌనులో రెండు! ఆవిడ అనుకున్నదంతా తలకిందులైంది. ఇంకొకరైతే తల పట్టుకునేవారు. ఆవిడ మాత్రం మరుసటి రోజు నుంచి పిల్లల వెంట పడింది. ఎన్నింటికి లేస్తారు, ఏం తింటారు, ఎన్ని గంటలు బయట ఆడతారు, దీపం ఎటువైపు పెట్టుకుంటారు... సాయంత్రాలు మా ఇంటికొచ్చి అమ్మ ఇచ్చిన టీ తాగుతూ, "ఎందుకు? ఎందుకండీ ఇలా?" అని నాన్నని అడిగేది. నాన్న బుర్ర గోక్కునేవాడు.

హెడ్మాస్టరుకి మాత్రం ఏ అనుమానమూ లేదు. నాన్నని పిలిచి బడి ప్రహరీ గోడ మీద రెండు బారల పొడవున రాయించాడు: 'కంటిచూపులో మా బడిదే ప్రథమ స్థానం.'

ఇక నా సంగతి. కళ్ళు శుభ్రంగా ఉన్నాయని డాక్టరే చెప్పాక ఇంకేం మిగిలింది? టీచరు నాన్నకి కబురు పంపింది: "కళ్ళు బాగానే ఉన్నాయి. ఇక లోపల ఉన్నదే బాగాలేదు." అమ్మ ఆ రోజు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అన్నం కలిపి పెట్టి, నా తల నిమురుతూ, "పోన్లేవే, అయిదో తరగతి మళ్ళీ చదివితే మాత్రం కొంపలేం మునుగుతాయి" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

*

ఆ ఆదివారం మా మావయ్య కూతురు వచ్చింది. నాకన్నా ఏడాది పెద్దది, వదినా అనేదాన్ని. వాళ్ళది డాక్టరమ్మ ముందు వెళ్ళిన పల్లెటూరే. ఆ తొమ్మిది మందిలో మా వదిన ఒకతి. టౌనులో అద్దాలు తయారయ్యాయని కబురొస్తే మావయ్యతో బస్సెక్కి వచ్చి, పెట్టుకుని, నేరుగా మా ఇంటికి దిగింది. మెడ ఎత్తి నడుస్తోంది. క్లాసులో ఎప్పుడూ మొదటి మార్కులు దానివే, ఇప్పుడు అద్దాలు కూడా.

మేమిద్దరం వీధి గుమ్మంలో కూర్చున్నాం.

"నీకు సైటు లేదటగా?" అంది.

"లేదు. అన్నీ చదివేశాను. తలగడ కూడా."

"తలగడేంటి?"

"చివరి వరస. ముందు వల, తర్వాత పడవ, గడప, తలగడ."

వదిన నా వైపు వింతగా చూసింది. "మా దాంట్లో మాటలేం లేవే. ఉత్త అక్షరాలు. గ, త, డ, ల... అలా పిచ్చిపిచ్చిగా. డాక్టరమ్మని అడిగాను కూడా, ఇవేంటండీ ఇలా ఉన్నాయని. మాటలుంటే మీరు ఊహించేస్తారు కదండీ అంది."

గ, త, డ, ల. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. త, ల, గ, డ. అవే నాలుగు.

"ఏదీ, నీ అద్దాలు ఇటియ్యి" అన్నాను. ఆడుకోవడానికే అన్నాను, ఒట్టు.

పెట్టుకున్నాను. ఎదురుగా బట్టల షాపుంది. దాని మీద పచ్చరంగు పట్టీ ఒకటి ఎప్పుడూ ఉండేది. ఆ పట్టీలో తెల్లటి మరక ఉండేది. ఇప్పుడా మరక అక్షరాలైపోయింది. ఒక్కొక్కటి విడివిడిగా, అంచులతో, నీడలతో. ఆ నీడ వేయడం మా నాన్న చెయ్యి. వీధికి ఇవతల కూర్చుని, ఎవరూ చెప్పకుండా, ఏమీ ఊహించకుండా నేను దాన్ని చదివాను. షాపు మెట్టు మీద కూర్చున్న ముసలాయన నా వైపు చూసి నవ్వాడు. అంత దూరం నుంచి మనుషులు మనకేసి నవ్వుతారని నాకు అప్పటిదాకా తెలియదు. పాపం, ఎన్నేళ్ళుగా నవ్వుతున్నాడో.

"ఇచ్చెయ్యవే, పగలగొడతావు" అంది వదిన.

ఇచ్చేశాను. మరక మళ్ళీ మరకైపోయింది.

*

రెండు రోజులు నోరు విప్పలేదు. చెబితే నాన్న పరువు పోతుంది. చెప్పకపోతే నేను అయిదో తరగతికి పోతాను. మూడో రోజు పొద్దున్నే వాన తెరిపిచ్చింది. నాన్న వసారాలో కుంచెలు కడుగుతుంటే పక్కన చేరాను.

"నాన్నా, డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో తలగడ ఉందా?"

ఆయన మొహం వెలిగిపోయింది. ఎవరో ఒకరు అడగాలని ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"లేదే! అదే కదా నా పనితనం. పాపం ఆవిడకి చదవడం రాదు కదా, ఎవడో అచ్చు వేసినవాడు అక్షరాలన్నీ కలగాపులగం చేసి అంటగట్టాడు. ఆవిడ ముందు అంటే నొచ్చుకుంటుందని ఊరుకున్నా. అవే అక్షరాలు, అవే కొలతలు, వెంట్రుకవాసి తేడా లేదు. వరస మాత్రం సర్దిపెట్టా. అర్థం లేకుండా రాయడం నా చేత కాదమ్మా. రేపు నలుగురూ చూసి బోర్డుకి అక్షరాలు రావంటే?"

"అర్థం ఉండకూడదట నాన్నా."

"ఎవరన్నారు?"

వదిన చెప్పింది చెప్పాను. అద్దాలు పెట్టుకున్న సంగతీ చెప్పాను. కుంచె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత లేచి, ఒక నల్ల రేకు తీసుకుని, సుద్దతో ఏదో రాసి, వీధి దాటి బట్టల షాపు ముందు నిలబడి నా వైపు తిప్పాడు.

"చదువు."

"ఏ మాట నాన్నా?"

"మాట కాదు. అక్షరాలే."

నాకు నాన్న ఒక మసక ఆకారం, ఆయన చేతిలో రేకు ఒక నల్లటి మచ్చ. "కనిపించట్లేదు" అన్నాను. ఆ మాట పైకి అనడం నాకు అదే మొదటిసారి.

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. "ఇప్పుడు?"

"ఊహూఁ."

మళ్ళీ అడుగు. మళ్ళీ ఊహూఁ. వీధి మధ్యకొచ్చాడు. సైకిలు మీద పోతున్న ఒకాయన గంట కొట్టి, "ఏంటి బోర్డూ, బోర్డు నడుచుకుంటూ పోతోంది?" అన్నాడు. నాన్న జవాబివ్వలేదు. వీధి పక్క కాలువ దాటాడు. ఆగాడు. నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. మొదట్లో గట్టిగా అడిగినవాడు వచ్చేకొద్దీ గొంతు తగ్గించేశాడు. మా గుమ్మానికి నాలుగడుగుల దూరంలో "న" అన్నాను. మరో రెండు అడుగులు వేశాక మిగిలినవి చదివాను. "న, ఠ, బ, య."

"ఠ లో చుక్క కనిపిస్తోందా?"

"ఇప్పుడు కనిపిస్తోంది."

ఆయన రేకు కింద పెట్టి మెట్టు మీద నా పక్కన కూలబడ్డాడు. చేతికంతా సుద్ద.

"మరి ఇన్నాళ్ళూ నా బోర్డులన్నీ అదిరాయనేదానివి?"

"నువ్వు రాస్తున్నప్పుడు పక్కనే ఉంటా కదా నాన్నా. అక్కణ్ణుంచి బాగానే కనిపిస్తుంది. అవతలికెళ్ళి నిలబడ్డాక మాత్రం ఎందుకు మారిపోతాయి?"

నాన్న నవ్వబోయాడు. నవ్వు రాలేదు. భుజాన ఉన్న గుడ్డతో మొహం తుడుచుకున్నాడు, సుద్ద మొహానికి కూడా అంటింది. నాకు ఆ క్షణంలో ఆయన మీద చెప్పలేనంత జాలేసింది. ఊరంతటికీ అక్షరాలు రాసిపెట్టిన మనిషి, ఒక్కటీ నాకు అందలేదు.

*

ఆ మధ్యాహ్నమే నా చెయ్యి పట్టుకుని, తన రేకు చంకన పెట్టుకుని, డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాడు. గుమ్మం దగ్గర అమ్మ అడ్డుపడింది.

"దీని కళ్ళ సంగతి చెప్పి అద్దాలు రాయించుకురండి చాలు. రేకు సంగతి ఎందుకు? హెడ్మాస్టరు గోడంతా రాయించుకున్నాడు. ఊళ్ళో తలెత్తుకోవాలా వద్దా?"

"నూరు మంది పిల్లలే! ఇది ఒక్కతేనా?" అన్నాడు నాన్న. అమ్మ పక్కకి తప్పుకుంది.

డాక్టరమ్మ బడిలోనే ఒక చిన్న గదిలో కాగితాల మధ్య ఉంది. నాన్న రేకు బల్ల మీద పెట్టి, దోషిలా నిలబడి, మొత్తం చెప్పాడు. ఎక్కడా తగ్గించలేదు. ఆవిడ మొహంలో ముందు ఏమీ లేదు. తర్వాత ఎర్రబడింది.

"మూడు వారాలు! పిల్లలు ఏం తింటారో కూడా రాసుకున్నానండీ నేను! దీపం ఎటువైపు పెడతారో!"

"తప్పయిపోయింది డాక్టరమ్మా. ఏమన్నా పడతాను."

ఆవిడ రేకు దగ్గరికి లాక్కుని చూసింది. చదవడం రాకపోయినా వేలు పెట్టి ఒక్కో వరసా తడిమింది.

"ఇక్కడ ఏమి ఉంది?"

"వల అండీ."

"ఇక్కడ?"

"పడవ. దాని కింద గడప. ఇది తలగడ."

"తలగడ అంటే?"

"తల కింద పెట్టుకుంటామే..." అని నేను చెంప కింద చెయ్యి పెట్టి చూపించాను.

"మా అమ్మమ్మ దిండు అనేది" అంది ఆవిడ. అని, పెదవి బిగబట్టింది. బిగబట్టి, ఇక ఆపుకోలేక పడీపడీ నవ్వింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. "నూరు మంది పిల్లలు తలగడ ఊహించారు! నేను ఎండ గురించి ఆలోచిస్తున్నాను!" ఆ తర్వాత నవ్వు ఆపి నా వైపు తిరిగింది. "మీరు ఎలా కనిపెట్టారండీ?"

చెప్పాను. ఆవిడ ప్రతి మాటా రాసుకుంది. అంత శ్రద్ధగా నా మాట వినడం, రాసుకోవడం ఎవరూ చేయలేదు. ఒక మొద్దు చెప్పింది రాసుకోరు కదా అనుకున్నాను. ఒంట్లో ఏదో కుదుటపడింది.

నాన్న కొత్త రేకు రాశాడు. ఈసారి అర్థం లేని అక్షరాలు. ఒక్క మాట కూడా కుదరకుండా రాయడానికి నానా తంటాలూ పడ్డాడు. రాసినవన్నీ అమ్మ చేత గట్టిగా చదివించుకునేవాడు. ఆవిడ, "ఇదేదో తిట్టులా ఉందండీ" అంటే చెరిపేసేవాడు. మళ్ళీ పరీక్ష పెట్టారు. నూటికి ఇరవై మూడు మంది. డాక్టరమ్మ అనుమానం ఈ రెండు బళ్ళ వరకైనా నిజమే అయింది. అయినా ఆవిడ "ఇంకా చూడాలి, ఇంకా తెలియాలి" అంటూనే మరో ఊరికి వెళ్ళిపోయింది. ప్రహరీ మీద రాసిన ప్రథమ స్థానాన్ని నాన్నే సున్నం వేసి చెరిపాడు. హెడ్మాస్టరు దగ్గరుండి చూస్తూ నిట్టూర్చాడు.

అర్ధ సంవత్సర పరీక్షలో అన్నిట్లోనూ గట్టెక్కాను. చరిత్రలో మాత్రం బొటాబొటీ మార్కులు. అది కళ్ళ తప్పు కాదు. ఇప్పటికీ అద్దాలు లేకుండా నాకు నాలుగడుగులు దాటితే ఏమీ కనిపించదు. అద్దాలు తీస్తే మా ఆయన కాస్త అందంగా ఉంటాడని కూడా అంటుంటాను.

కానీ ఇక్కడ చెప్పాల్సింది పరీక్షకి ముందు, అద్దాలు వచ్చిన రోజు సంగతి.

షాపులో పెట్టుకుని బయటికి వచ్చాం. నాన్న నన్ను ముందు నడవమని తాను రెండడుగులు వెనక నడిచాడు. నేను వీధికి రెండు వైపులా బోర్డులు చదువుకుంటూ పోతున్నాను. మందుల షాపు, గడియారాల రిపేరు, సైకిళ్ళు అద్దెకు. ఒక్కొక్కటి చదివాక వెనక్కి తిరిగితే ఆయన కళ్ళప్పగించి నా మొహమే చూస్తున్నాడు. ఏ ప్రశ్నా అడగడం లేదు. అడగాలంటే భయంగా ఉన్నట్టుంది. బడి గేటు దాకా వచ్చాం. గేటు మీద కమాను లాంటి పెద్ద బోర్డు. ఊళ్ళో మా నాన్న రాసినవాటిలో అదే పెద్దది, ఆయనకి అదే ఇష్టం. దాని కింద నుంచి నేను ఆరేళ్ళు నడిచాను.

ఆగి చదివాను. మళ్ళీ చదివాను.

"ఎలా ఉంది చుక్కా?" అన్నాడు ఇక ఉండబట్టలేక.

అదిరింది అనడానికి నోరు తెరిచి, మూసుకున్నాను.

"నాన్నా, పారశాల అంటే ఏంటి?"

"పారశాల ఏంటే? పాఠశాల!"

"ఠ లో చుక్క లేదు నాన్నా. అది ర."

"ఉంటుంది. ఎండకి వెలిసిపోయి ఉంటుంది, సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూశాను. లేదు."

ఆయన గేటు దగ్గరికి వెళ్ళి, తల వెనక్కి విరిచి చూశాడు. పొద్దుటి గంట కొట్టేవేళ కావడంతో మా టీచరు, హెడ్మాస్టరు, ఇంకా పిల్లలు కొందరు అక్కడే ఉన్నారు. అందరూ తలలెత్తారు. టీచరు పెదవులు కదిలించి చదువుకుంది, కొంచెం ఆలస్యంగా నా వైపు చూసింది. పదకొండేళ్ళుగా ఊరంతా దాని కిందనుంచే బడికి వచ్చింది. కళ్ళున్నవాళ్ళందరూ దాన్ని పాఠశాల అనే చదువుకున్నారు.

"పదకొండేళ్ళు..." అని నాన్న గొణిగాడు. ఆయన మొహంలో ఏదో కదిలింది. "అక్షరాలు ఆరాక చుక్క పెడదామని కింద కూర్చున్నాను. ఇంటి నుంచి కబురొచ్చింది, మీ అమ్మకి నొప్పులని. కుంచె అక్కడే పడేసి పరిగెత్తాను. మర్నాడొచ్చి నిచ్చెన పట్టుకెళ్ళిపోయాను. చుక్క సంగతి..." అని నా వైపు చూసి ఆగిపోయాడు.

నేను ఇంటికి పరిగెత్తి నల్లరంగు డబ్బా, సన్న కుంచె తెచ్చాను. వెనకాలే అమ్మ కూడా వచ్చింది, ఏం కొంప మునిగిందో అని. నాన్న బడిలో ఉన్న నిచ్చెన తెచ్చి గేటుకి ఆనించాడు. ఎక్కబోయి, దిగి, కుంచె నా చేతికిచ్చాడు.

"అయ్యో, దాన్ని ఎక్కిస్తారేంటండీ! పడిపోతుంది" అంది అమ్మ.

"నేను పట్టుకున్నాగా" అన్నాడు.

ఒక్కో మెట్టూ ఎక్కాను. అక్షరం నా మొహమంత ఉంది. కుంచె రంగులో ముంచి చెయ్యి చాచాను.

"మధ్యలోనా నాన్నా? ఎక్కడ పెట్టను?"

"నువ్వు అడ్డం ఉన్నావు, నాకు ఇక్కణ్ణుంచి ఏమీ కనిపించట్లేదు" అన్నాడు కిందనుంచి. "నీకు కనిపిస్తోంది కదా. పెట్టు."